మూడు తప్పితే మనిషి మారాలి

శ్రీకుమార్ చేతిలో బేస్‌బాల్ బ్యాట్ ఉన్నప్పుడు ఎవరూ ఎదురుగా నిలబడకూడదు. కొట్టేస్తాడని కాదు, చెప్పేస్తాడని. పాదం ఎక్కడ పెట్టాలి, మోకాలు ఎంత వంచాలి, ఒంటి బరువు వెనక కాలి మీంచి ముందు కాలి మీదికి ఎప్పుడు రావాలి, ఇదంతా ఎత్తుకున్నాడంటే వినేవాడి గ్లాసులో తేతారిక్ టీ చల్లారి పైన మీగడ కట్టాల్సిందే. మలేషియాలో వాళ్ళ ఊరు సుంగై సుమున్‌లో టీ కొట్టువాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అతను బ్యాట్‌తో వస్తే, దాన్ని బయట గొడుగుల పక్కన పెట్టి రమ్మనేవారు.

పగలు అతనిది పామాయిల్ మిల్లులో గెలల లారీలు తూచే ఉద్యోగం. సాయంత్రం స్కూలు మైదానంలో పదమూడేళ్ళ లోపు పిల్లల జట్టుకి కోచ్. జీతం లేదు, ఈల మాత్రం సొంతంగా కొనుక్కున్నాడు. జట్టులో మొత్తం పదకొండు మంది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు. అందులో ఒకతె అతని కూతురు నిషా. పన్నెండేళ్ళు. తెలుగు చెబితే అంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పమంటే సగం మలాయిలో వస్తుంది, మిగతా సగం రానే రాదు. అందుకని ఆ పిల్ల ఇంట్లో పెద్దగా మాట్లాడదు. మాట్లాడని పిల్ల వింటోందని పెద్దవాళ్ళు అనుకుంటారు, ఎంత అమాయకులో చూడండి.

ఆగస్టులో తెలుక్ ఇంతాన్‌లో పెరాక్ రాష్ట్ర జట్టుకి ఎంపికలు. జట్టులో పేరు వస్తే ఈపో క్రీడా పాఠశాలలో సీటు, హాస్టలు, మంచి శిక్షణ. నిషా పేరు రావాలి. శ్రీకుమార్‌కి ఆ ఏడాది అంతకు మించిన కోరిక లేదు. ఎందుకంటే ముప్పై ఏళ్ళ కిందట అదే తెలుక్ ఇంతాన్ మైదానంలో, పద్నాలుగేళ్ళప్పుడు, అతన్నే తీసేశారు. మూడు బంతులు వేశారు, మూడూ తప్పాడు, వెళ్ళి కూర్చోమన్నారు. ఊళ్ళో మాత్రం 'పట్నం పిల్లలకే పెద్దపీట వేసినార్రా' అని చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. అతని ముందు కాలు బంతికంటే ముందే వెళ్ళిపోయేది. అది అప్పుడూ అతనికి తెలుసు, ఇప్పుడూ తెలుసు, పెళ్ళాంతో కూడా చెప్పలేదు.

అతను నేర్పేది సూటి స్వింగ్. ముందుకి అడుగు వెయ్యాలి, బరువు ముందు కాలి మీదికి రావాలి, చేతులు దారం లాగినట్టు తిన్నగా బంతి దగ్గరికి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళనాడు తనకి నేర్పింది ఇదే. ఇందులో తప్పేమీ లేదు, ఆ అడుగు వేళకి పడాలంతే. వేళకి పడటం ఎలాగో మాత్రం తనకి ఎవరూ చెప్పలేదు కనక అతనూ పిల్లలకి చెప్పేవాడు కాదు.

ఎంపికలు ఇంకా పన్నెండు వారాలు ఉన్నాయనగా ఒక శనివారం మధ్యాహ్నం క్లాంగ్ నించి మోహన్‌రాజ్ దిగాడు. మోహన్‌రాజ్ అంటే శ్రీకుమార్ భార్య యోగేశ్వరికి అన్న, నిషాకి మేనమామ. రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. గ్లవ్‌లో గాలి నింపి చిల్లు ఎక్కడుందో పట్టుకోవడం ఆయన పని. ఆ అలవాటు మనుషుల దగ్గర కూడా మానడు. ఫ్యాక్టరీలో తైవాన్ మేనేజర్లు నలభై దాటినవాళ్ళ బేస్‌బాల్ జట్టు ఒకటి పెడితే, దాంట్లో చేరి రెండేళ్ళయింది. పొట్ట అలాగే ఉంది, జ్ఞానం మాత్రం బాగా పెరిగింది.

మైదానం పక్కన కారు ఆపి, నిషా కొట్టే నాలుగు దెబ్బలు చూసి, పెదవి విరిచాడు.

"ఇదేటి బావా? పిల్ల బంతిని కొడతన్నాదా, తలుపు తోస్తన్నాదా?"

శ్రీకుమార్‌కి చుర్రుమంది. "ఇది సూటి స్వింగు బావా. నాను సిన్నప్పట్నించీ ఇలగే ఆడినాను."

"అప్పుడు టెలిఫోనుకి తీగ కూడా ఉండీది. ఇప్పుడున్నాదేటి?" అని జేబులోంచి తన ఫోన్ తీశాడు మోహన్‌రాజ్. "ఇది సూడు. తిరుగుడు స్వింగు. బరువు ముందుకి పోకూడదు, నడిమధ్యనే ఉండాలి. ముందు నడుం తిరగాలి, తరవాత బుజం, ఆఖర్న సెయ్యి. బేటు కింద నించి మీదికి లెగాలి. కాలు కాదు బావా, నడుం! అంతా నడుంలోనే ఉన్నాది లా." మాట చివర మలాయిల 'లా' తగిలించకపోతే ఆయనకి మాట పూర్తయినట్టుండదు.

ఫోన్‌లో ఎవరో కుర్రాడు నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా తిరిగి, మెల్లగా కొట్టి, మెల్లగా నవ్వాడు. పిల్లలందరూ మూగి చూశారు. శ్రీకుమార్ చూడలేదు. చూడనట్టు నటిస్తూ ఓ కంట చూశాడు.

వేరే ఎవరైనా అయితే 'నా జట్టు, నా మైదానం, నీ పని చూసుకో' అనేవాడే. కానీ వచ్చినవాడు మేనమామ. గొడుగు వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న శ్రీకుమార్ తల్లి దాలమ్మ అప్పటికే నోరు తెరిచింది.

"మేనమావ మాట తీసీకూడదురా కుమారూ. సెవులు కుట్టించినప్పుడు పిల్ల ఆడి ఒళ్ళోనే గదా కూకున్నాది. నేర్పనీ."

చెవుల మీద హక్కు ఉంటే ఉండొచ్చుగానీ బ్యాట్ మీద ఏం హక్కని శ్రీకుమార్ లోపల గింజుకున్నాడు. పైకి అనలేకపోయాడు. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లకి మొదటి గాజులూ మేనమామే తొడగాలి, మొదటి కొత్తబట్టా మేనమామే పెట్టాలి. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుంటే కన్నతండ్రయినా లాక్కోకూడదు. ఆ పద్ధతి పెట్టిన పెద్దలకి బేస్‌బాల్ ఒకటి వస్తుందని తెలియదు పాపం.

అలా నిషాకి ఇద్దరు కోచ్‌లు తయారయ్యారు. నాన్న ఎదురుగా నిలబడితే అడుగు ముందుకేసి కొట్టేది. మామయ్య నిలబడితే నడుం తిప్పి కొట్టేది. ఇద్దరూ కలిసి నిలబడితే అడుగుతో మొదలుపెట్టి నడుంతో ముగించబోయి గడ్డిలో కూలబడేది. లేచి బట్టలు దులుపుకుని ఇద్దరి మొహాలూ చూసేది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు.

"సూసినావా, నీ అడుగు వొల్లే పడిపోనాది," అనేవాడు మోహన్‌రాజ్.

"అడుగేసినప్పుడు బాగానే ఉన్నాది. నడుం తిప్పినాకనే పడినాది," అనేవాడు శ్రీకుమార్.

మూడో శనివారానికి ఇద్దరికీ తెగింపు వచ్చింది. మాటలతో తేలేది కాదు, కొట్టి చూపించుకోవాల్సిందే అనుకున్నారు. పిల్లకి ఏది నేర్పాలో తేలాలంటే ముందు ఏది మంచిదో తేలాలి కదా. సూటి స్వింగ్‌తో శ్రీకుమార్, తిరుగుడు స్వింగ్‌తో మోహన్‌రాజ్, ఎవరు ఎక్కువ కొడితే నిషా ఆ దారి పట్టాలి. మూడు బంతులు తప్పితే మనిషి మారాలి. తప్పులు లెక్కపెట్టే పని దాలమ్మది. ఆవిడకి ఆట తెలియదు గానీ మూడు దాకా వేళ్ళు మడవడం వచ్చు, అది చాలు.

ఇక బంతి ఎవరు వెయ్యాలి? అయిదింటికి మిగతా పిల్లలంతా ట్యూషన్లకి పోతారు. మిగిలేది నిషానే.

"నువ్వెయ్యమ్మా," అన్నాడు శ్రీకుమార్. "బేటు నాకియ్యి."

"ఒక్క సోటికే ఎయ్యాల," అన్నాడు మోహన్‌రాజ్. "ఆయనకో సోటికి, నాకో సోటికి ఏస్తే పోలిక సెల్లదు." అని బిస్కెట్ల డబ్బా మూత ఒకటి తెచ్చి, బ్యాట్ పట్టేవాడి వెనక తీగ కంచెకి కట్టాడు. బంతి తప్పితే పోయి ఆ మూతకే తగలాలి, టంగుమనాలి. టంగుమనకపోతే ఆ బంతి లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యాలి.

మొదటి రోజు పాపం పిల్ల బంతి కంచెకి తగలడమే గగనం అయింది. "పైకి!" అని ఒకరు, "కిందికి!" అని ఒకరు, "ఇంత దూరంగా ఏస్తే నాను సెయ్యి పొడుగు సేసుకోవాలా?" అని మళ్ళీ ఒకరు. మెల్లగా వేస్తే అది శ్రీకుమార్‌కి అనుకూలమని మోహన్‌రాజ్ ఒప్పుకోడు. వేగంగా వేస్తే అది మోహన్‌రాజ్‌కి అనుకూలమని శ్రీకుమార్ ఒప్పుకోడు. అందుకని అయిదు మెల్లగా, అయిదు వేగంగా అని రాజీకొచ్చారు. తేడా రాకూడదు. మెల్లనంటే మెల్లనే, వేగమంటే వేగమే. రెండింటికీ చెయ్యి ఒక్కలాగే తిరగాలి, లేకపోతే బ్యాట్ పట్టినవాడికి ముందే తెలిసిపోతుంది, అది అన్యాయం.

ఇంత ముచ్చటగా ఇద్దరు పెద్దమనుషులు తొమ్మిది శనివారాలు పోట్లాడుకున్నారు. మోహన్‌రాజ్ వారం వారం క్లాంగ్ నించి మూడు గంటలు కారు తోలుకుని వచ్చేవాడు. దెబ్బలన్నీ ఫోన్‌లో పట్టి, రాత్రి భోజనాల దగ్గర శ్రీకుమార్ మోకాలు ఆపి ఆపి చూపించేవాడు. నిషా వందల బంతులు వేసింది. చివర్న పది నిమిషాలు మిగిలితే ఆ పిల్ల చేతికి బ్యాట్ ఇచ్చేవారు. ఆ పది నిమిషాల్లోనూ ఎనిమిది ఉపన్యాసానికే పోయేవి.

శనివారం సాయంత్రాలు ఊళ్ళో సంత. అక్కడ వేరుశనగపప్పు, పంచదార వేసి మడిచిపెట్టే అపం అమ్మే ముసలాయన ఆరున్నరకల్లా సర్దేసుకుని పోతాడు. నిషాకి ఆ అపం అంటే ప్రాణం. వీళ్ళ స్వింగ్‌ల గొడవలో మొదటి రెండు వారాలూ అపం దొరకలేదు. 

విచిత్రం ఏమిటంటే, మూడో పోటీ నించి ఆట తొందరగా ముగిసిపోవడం మొదలైంది. ఆరున్నరకి అయ్యేది ఆరుంబావుకి అయింది. తరవాత ఆరింటికే అయిపోయింది. మోహన్‌రాజ్ నించుంటాడు, టంగ్, టంగ్, టంగ్, దాలమ్మ మూడు వేళ్ళు మడుస్తుంది. శ్రీకుమార్ నించుంటాడు, మళ్ళీ అదే పాట. చెరో మూడుసార్లు ఔటయితే ఆ వారానికి సరి. నిషా గ్లవ్ విప్పేసి నాయనమ్మ చెయ్యి పట్టుకుని సంతకి లాక్కుపోయేది.

మోహన్‌రాజ్ తప్పినప్పుడల్లా శ్రీకుమార్‌కి కడుపు నిండిపోయేది. తిరుగుడు స్వింగ్ బండారం బయటపడిందని పొంగిపోయేవాడు. తాను తప్పినప్పుడు మాత్రం కళ్ళలో మిల్లు దుమ్ము పడిందనో, గడ్డి తడిగా ఉందనో, బ్యాట్ పట్టు జారిందనో ఏదో ఒకటి దొరికేది. మోహన్‌రాజ్‌కి కొత్త కళ్ళజోడు వంక దొరికింది. బంతి ఎటు వచ్చిందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

ఒకరోజు యోగేశ్వరి డ్యూటీ నించి వస్తూ మైదానం దగ్గర ఆగింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు, అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెడుతుంది. భర్త చెమటలు కక్కుతూ బ్యాట్ ఊపుతున్నాడు, అన్న పక్కన నిలబడి ఫోన్ పట్టుకున్నాడు, పిల్ల ఎండలో బంతులు వేస్తోంది.

"ఏటండీ, నాకు తెలీక అడుగుతన్నాను," అంది. "సెలక్షను పిల్లకా, మీకా? అది బేటు ముట్టుకోడం సూసి నెల్లాళ్ళయినాది."

"నీకు తెలీదు యోగా. ఇది తేలకండా పిల్లకి ఏటని నేర్పుతాం?" అన్నాడు శ్రీకుమార్.

"అదే సెప్తన్నాను సెల్లే, ఇది సైన్సు లా," అన్నాడు మోహన్‌రాజ్. తొమ్మిది వారాల్లో బావలిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డది అప్పుడే.

యోగేశ్వరి నుదురు కొట్టుకుని వెళ్ళిపోయింది.

ఎంపికల ముందు వారానికి కూడా తేలలేదు. దాలమ్మ లెక్క ప్రకారం ఇద్దరూ సమానంగా తప్పారు. సరే, పిల్ల ఇష్టం అన్నారు చివరికి. అంటూనే ఇద్దరూ విడివిడిగా పిల్లని పక్కకి పిలిచి, "నా మాట ఇను," అన్నారు.

ఆదివారం పొద్దున్నే అందరూ ఒకే కారులో తెలుక్ ఇంతాన్ వెళ్ళారు. మైదానం చూడగానే శ్రీకుమార్ గేటు దగ్గరే ఆగిపోయాడు. గ్యాలరీకి కొత్త రేకులు వేశారు గానీ మైదానం అదే, తను తలదించుకుని నడిచిన ఆ గడ్డే. దేవుడి దయవల్ల నా గతి దీనికి పట్టకూడదు అనుకున్నాడు. అలవాటు లేని మనిషి, చేతులు జోడించి ఎటు తిరగాలో తెలియక టీవీ టవర్ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

ఎంపిక చేసే ఆవిడ ఒక మలాయి టీచరు, అందరూ చిక్‌గు అంటున్నారు. హిజాబ్ మీద టోపీ, చేతిలో అట్ట, అట్టకి కాగితాలు. బంతులు విసిరే యంత్రం ఒకటి పెట్టారు. పిల్లకి పది బంతులు. ఆరు కొట్టినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఉండాలి, మిగతావాళ్ళు వెళ్ళిపోవచ్చు.

నిషా వంతు వచ్చింది. కంచెకి ఇటు చివర శ్రీకుమార్, అటు చివర మోహన్‌రాజ్. నోరు మెదపకూడదని యోగేశ్వరి ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుంది. మొదటి బంతి తప్పగానే ఆ ఒట్టు గాలికి పోయింది.

"అడుగు! అడుగెయ్యమ్మా!"

"నడుం! నిషా, నడుం!"

పిల్ల అడుగు వేసింది. నడుం తిప్పింది. రెండూ ఒకేసారి చేసింది, దేనికీ చెందకుండా కూడా చేసింది. పది బంతుల్లో రెండింటికి బ్యాట్ తగిలింది. అవి కూడా పక్కకి పోయాయి. చిక్‌గు కాగితం మీద ఏదో రాసుకుని తలూపింది. నిషా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, నేల చూసుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చుంది.

శ్రీకుమార్ పిల్ల నడక చూశాడు. ఆ నడక తనది. సరిగ్గా అలాగే నడిచాడు, ఆ వైపే. మూడు నెలలు చేతిలో పెట్టుకుని పిల్లకి ఏం నేర్పాను? ఒక్క సాయంత్రమైనా తిన్నగా బ్యాట్ పట్టనిచ్చానా? బావతో గెలవాలని పిల్లని ఓడించాను కదరా నాయనా అనుకున్నాడు. ఏడుపు వచ్చేసింది. కళ్ళలో మిల్లు దుమ్ము అని చెప్పడానికి అక్కడ మిల్లు కూడా లేదు.

ఇంతలో యంత్రం గరగరమని అరిచి, ఒక బంతిని గ్యాలరీ మీదికి, ఇంకో బంతిని తన కాళ్ళ దగ్గరికే విసిరి ఆగిపోయింది. తెచ్చినవాళ్ళు మూత విప్పి చూసి తలలు గోక్కున్నారు. ఇంకా పద్నాలుగు మంది పిల్లలు మిగిలారు. మీలో తిన్నగా బంతి వెయ్యగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చిక్‌గు మలాయిలో అడిగింది.

బెంచీ చివర నించి ఒక చెయ్యి లేచింది.

"అదెందుకు లెగిసినాది?" అన్నాడు మోహన్‌రాజ్ కంగారుగా. "మనం బంతి నేర్పనేదు గదా బావా?"

"నేదు," అన్నాడు శ్రీకుమార్.

నిషా వెళ్ళి నిలబడింది. బ్యాట్ పట్టినది ఈపో నించి వచ్చిన పొడుగాటి కుర్రాడు. వాడు ఒకసారి గాలిలో ఊపి చూసుకున్నాడు. నడుం తిరిగింది, బ్యాట్ కింద నించి పైకి లేచింది. నిషా వాణ్ణి అలా చూసి, భుజం ఎత్తులో గట్టిగా వేసింది. బ్యాట్ బంతి కింద నించి పోయింది. రెండోది అలాగే. మూడోదీ అలాగే. కుర్రాడు బ్యాట్ తిప్పి చూసుకున్నాడు.

రెండోవాడు ముందుకి అడుగేసే రకం. నిషా అదే చెయ్యి, అదే ఊపుతో మెల్లగా వదిలింది. వాడు అడుగు వేసి, కొట్టి, అంతా అయిపోయి నిలబడ్డాక బంతి తీరుబడిగా వాడి ముందు నించి వెళ్ళింది.

శ్రీకుమార్ కంచె తీగలు పట్టుకుని చూస్తున్నాడు. ఆ మెల్ల బంతి తనకి తెలుసు. దాని వెనక రావాల్సిన టంగుమనే చప్పుడు కూడా తెలుసు. పక్కకి చూస్తే మోహన్‌రాజ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ ఎత్తు బంతి ఆయనకి తెలుసు. మూడో పిల్ల, నాలుగో పిల్లాడు, అయిదోవాడు. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది చేతులూపుకుంటూ వెళ్ళిపోయారు. చిక్‌గు రాయడం మానేసి చూస్తూ నిలబడిపోయింది.

అయ్యాక పిల్లని దగ్గరికి పిలిచింది. బావలిద్దరూ పిలవకుండానే వెళ్ళారు.

ఎవరికి ఏ బంతి వెయ్యాలో నీకు ఎలా తెలిసింది అని చిక్‌గు అడిగింది. మలాయిలో అడిగితే నిషాకి మాటలు బాగానే వస్తాయి. గలగలా చెప్పింది. అందరూ రెండు రకాలే, చిక్‌గు. కొందరు మా నాన్నలాంటివాళ్ళు. నాన్న కాలు ముందే వచ్చేస్తుంది, ఎప్పుడూ అంతే, అందుకని మెల్లగా వేస్తే సరి. కొందరు మా మామయ్యలాంటివాళ్ళు. మామయ్య బ్యాట్ కింద నించి లేస్తుంది, అందుకని పైకి వేస్తే అందదు. వాళ్ళు తొందరగా ఔటయితేనే నాకు అపం దొరుకుతుంది.

ముప్పై ఏళ్ళు పెళ్ళాం దగ్గర కూడా దాచిన మాటని కూతురు పరాయి మనిషితో ఒక్క ముక్కలో చెప్పేసింది. శ్రీకుమార్ చెవులు వేడెక్కాయి. సిగ్గుపడాలో ఆనందపడాలో తెలియక కాసేపు రెండూ పడ్డాడు.

"ఎవరు నేర్పారు?" అంది చిక్‌గు.

"వాళ్ళిద్దరే," అంది నిషా వేలు చూపించి. "వాళ్ళు తప్పుతుంటే చూసి నేర్చుకున్నాను."

చిక్‌గు ఇద్దర్నీ ఎగాదిగా చూసింది, నవ్వు ఆపుకోవడానికి కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. తరవాత కాగితం తిప్పి శ్రీకుమార్‌కి ఇచ్చింది. నిషాని బంతి వేసే పిల్లగా తీసుకుంటున్నామంది. ఆరు వారాల్లో మలాకాలో పోటీలు, ఈలోగా సాధన ఆపొద్దంది. బ్యాటింగ్ సంగతి మాత్రం దయచేసి మీరు ముట్టుకోకండి, మేం మొదటి నించీ నేర్పుకుంటామంది. ఇక్కడ కోచ్ పేరు రాసి సంతకం పెట్టండి అని వేలు పెట్టి చూపించింది.

ముప్పై ఏళ్ళుగా ఏ కాగితం కోసం శ్రీకుమార్ ఎదురుచూశాడో ఆ కాగితం అది. పెన్ను తీసుకున్నాడు. 'వాళ్ళు తప్పుతుంటే చూసి' అన్న మాట చెవిలో ఇంకా మోగుతోంది. పెన్ను మోహన్‌రాజ్ వైపు చాపాడు.

"నువ్వే రాయి బావా. పెద్దోడివి. మేనమావవి."

మోహన్‌రాజ్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. "అబ్బెబ్బే, కన్నతండ్రివి నువ్వుండగా నానేటి? నీ జట్టు, నీ మైదానం. నువ్వే రాయాల."

"క్లాంగ్ నించి వారం వారం ఒచ్చినావు బావా, నీ కష్టం ఊరికినే పోకూడదు."

"నీ పేరుంటేనే అందం బావా."

పెళ్ళయి పదిహేనేళ్ళలో బావలిద్దరూ ఒకరికొకరు ఇంత మర్యాద ఎప్పుడూ ఇచ్చుకోలేదు. యోగేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. నిషా విసుగొచ్చి పెన్ను లాక్కుంది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాసింది. రాసి, చాలా రోజుల తరవాత నోరు తెరిచి తెలుగులో మాట్లాడింది. మాటకీ మాటకీ మధ్య వెతుక్కుంటూ చెప్పింది.

"శనివారం రండి. ఇద్దరూ రావాల. కానీ... మీ స్వింగు బాగు సెయ్యకండి లా. అలగే ఉంచండి. మీరు మంచిగా కొడితే, నాను ఎవరి మీద నేర్చుకోడం?"

ఆ శనివారం మోహన్‌రాజ్ చెప్పిన టైముకి వచ్చాడు. ఫోన్ కారులోనే వదిలేశాడు. దాలమ్మ గొడుగు కింద కూర్చుంది. మూత కంచెకి ఉంది. ముందు శ్రీకుమార్ బ్యాట్ పట్టాడు.

మొదటి రెండూ మామూలుగానే పోయాయి. టంగ్, టంగ్. మూడో బంతి నిషా చెయ్యి వదిలినప్పుడు శ్రీకుమార్‌కి అర్థమైంది, ఇది మెల్లది. చెయ్యి ఎప్పటిలాగే తిరిగింది, కానీ ఇప్పుడు అతనికి తెలుసు. కాలు ముందే పోతుందని ముప్పై ఏళ్ళుగా తెలిసినా, మెల్ల బంతికి ఆగాలన్న సంగతి ఇప్పుడు కూతురి మాటల్లోనే దొరికింది కదా. కాలు ఒక్క క్షణం పట్టి ఉంచితే చాలు, ఈ బంతి మైదానం దాటి, రోడ్డు దాటి, పామాయిల్ చెట్లలో పడుతుంది.

"ఆగు బావా! ఆగు!" అని వెనక నించి అరిచాడు మోహన్‌రాజ్. జీవితంలో మొదటిసారి బావ సలహా సరైనదిగా తోచింది అతనికి.

ఆగొచ్చు. ఆగగలడు. కూతురి మొహం చూశాడు, పిల్ల పెదవి కొరుక్కుంటూ అతని ముందు కాలి వైపే చూస్తోంది. అతను ఆగలేదు. పద్నాలుగేళ్ళప్పుడు వేసినట్టే అడుగు ముందే వేసేసి, ఉన్న బలమంతా పెట్టి గాలిని కొట్టాడు. తీరుబడిగా వచ్చిన బంతి వెనక మూతకి తగిలి టంగుమంది.

దాలమ్మ మూడో వేలు మడిచింది.

"మనిషి మారాల," అంది నిషా నవ్వుతూ.

శ్రీకుమార్ బ్యాట్‌ని రెండు చేతులతో తీసుకెళ్ళి బావకి ఇచ్చి, తల్లి కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.